ఒక్క అక్షరం తేడా

పోయిన వారం మనం గీతను జగిత్యాల పొలిమేరలో, తడిసిన బట్టలతో, పోలీసుల మిషను గొట్టం ముందు నిలబెట్టి వచ్చేశాం. ఆ పిల్లను అట్లా వదిలి వచ్చినందుకు నాకే మనసొప్పలేదు, మీకెట్లా ఉందో నాకు తెలియదు. సంగతి మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. గురువారం నాడు కోరుట్లలో తండ్రి పెద్దకర్మ ముగించుకుని, వెనక అత్త మొగిలవ్వను కూర్చోబెట్టుకుని, గీత స్కూటీ మీద జగిత్యాలకు బయలుదేరింది. కల్లు గీయడానికి తాళ్లెక్కే ఇంట్లో పుట్టిన మనిషి. తండ్రి పేరు మీద మేనమామ లక్ష్మీరాజం కల్లు పోసి చేతికి అందిస్తే వద్దనడం ఆ ఇళ్లలో ఉండదు. మూడు గ్లాసులు తాగింది. చెకింగు దగ్గర "మందు తాగినవా" అని అడిగితే "లేదు సార్" అని తల అడ్డంగా ఊపింది. అబద్ధం చెప్పాలని కాదు పాపం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి ఆమె ఎరిగిన లెక్కలో మందు వేరు, కల్లు వేరు. మిషనుకు ఆ తేడా ఎవరు చెప్పాలి? ముప్పై దాటితే కేసు. యాభై నాలుగు చూపించింది.

కేసు రాశారు. స్కూటీ ఠాణాలో పెట్టుకున్నారు. సోమవారం కోర్టుకు రమ్మని కాగితం ఇచ్చారు. అంతవరకే అయితే ఈ కథను సాగదీయడానికి నాకేమీ మిగిలేది కాదు. కానీ శనివారం పేపర్లో, జిల్లా పేజీ అడుగున, ఒక చిన్న వార్త పడింది. గురువారం మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో, మేడిపల్లి దాటాక, గుర్తు తెలియని బండి తగిలి మైమూనా బీ అనే అరవై ఎనిమిదేళ్ల ఆమె తలకు పెద్ద దెబ్బ తగిలిందనీ, కరీంనగర్ ఆస్పత్రిలో ఉందనీ. ఆ వార్తను గీత ఎన్నిసార్లు చదివిందో ఆమెకే లెక్క తెలియదు. ఎందుకంటే అదే రోజు, అదే వేళకు, మేడిపల్లి దాటాక, కుండపోత వానలో, ఆమె స్కూటీకి ఎడమ పక్క ఏదో టప్పున తగిలింది. ఆపబోయింది. వెనక నుంచి మొగిలవ్వ, "కుక్క బిడ్డా, కుక్క. ఆపకు, పో" అంది. గీత పోయింది.

అదీ సంగతి. ఇప్పుడు సోమవారం.

తొమ్మిదిన్నరకే అత్తాకోడళ్లిద్దరూ జగిత్యాల కోర్టు ఆవరణలో ఉన్నారు. పొద్దున్నే సిరిసిల్ల నుంచి గీత భర్త మహేందర్ ఫోన్ చేశాడు. అక్కడ బట్ట నేసే సాంచాల మీద పని అతనికి, ఆదివారాలకు తప్ప ఇంటికి రాడు. "ఒప్పుకో, ఫైన్ కట్టు, ఇంటికి రా. మా సాంచాల కాడ నలుగురికి గట్లనే అయింది. ఒక్క పూట పని" అన్నాడు. మన దగ్గర ఇట్లాంటి సలహాలు ఇచ్చేవాళ్లు గడపకు ఇద్దరుంటారు. వాళ్ల మీద నాకు కోపమేం లేదు, వాళ్లకు తెలిసిందే వాళ్లు చెబుతారు. మహేందర్‌కు వానలో ఏం జరిగిందో తెలియదు. గీత చెప్పలేదు.

ఆడవాళ్లకు కోర్టులో సర్కారు తరఫున ఉచితంగా వకీలును పెడతారని గీత నడిపే ఆటోలో బడికి పోయే ఒక పిల్ల తల్లి చెప్పింది. గీత ఎనిమిది మంది ఆడపిల్లలను రోజూ బడికి తీసుకుపోయి తీసుకొస్తుంది. లైసెన్సు పోతే ఆటో ఇంటి ముందు నిలబడిపోతుందని ఆ తల్లికి కూడా బెంగ ఉంది. అట్లా అత్తాకోడళ్లిద్దరూ న్యాయసేవా ఆఫీసు గదిలో నస్రీన్ అనే వకీలు ఎదుట కుర్చీల అంచున కూర్చున్నారు. ముప్పై ఏళ్లుంటాయేమో నస్రీన్‌కు. మాట నెమ్మది, చూపు మాత్రం కాగితం మీద పడిందంటే ఇక కదలదు.

"మొదటిసారే గదా అక్కా?"

"మొదటిసారే మేడం."

"అయితే ఇను. మొదటిసారికి ఆరు నెలల దాక జైలు, లేకుంటే పదివేల దాక ఫైను, లేకుంటే రెండూ. చానామట్టుకు ఫైనేసి పంపుతరు. గందుకనే అందరు ఒప్పుకొమ్మంటరు. గనీ నువ్వు బడి పిల్లలను తోలుకపోతవు. ఒప్పుకుంటే నేరం చేసినట్టు రికార్డుల పడుతది, లైసెన్సు మీదికి అస్తది. రేపు ఇంకోసారి దొరికితే రెండేండ్ల దాక పోతది. గందుకే ఇయ్యాల ఒప్పుకోకు. నేను వాయిదా అడుగుత. మిషను మంచిగున్నదా, ఎప్పుడు చెక్ చేసిండ్రు, గవన్నీ చూద్దాం."

"ఒప్పుకుంటే ఇయ్యాలనే అయిపోతది గద బిడ్డా," అంది మొగిలవ్వ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చిన్న గొంతుతో.

"అయిపోదవ్వా. ఇయ్యాల మొదలైతది."

నస్రీన్ కాగితాలు తిప్పింది. అందులో స్కూటీ ఫోటో ఒకటి ఉంది. ఠాణా గోడ పక్కన నిలబెట్టి తీసింది. ఎడమ పక్క అద్దం పగిలి, దాని కాడ వెనక్కి వంగి ఉంది. గీత కళ్లు అక్కడే అతుక్కుపోయాయి. నస్రీన్ ఫోటోను పట్టించుకోకుండా పక్కకు పెట్టింది. గీత ఊపిరి వదిలింది. అంతలోనే వకీలు వేలు ఒక లైను దగ్గర ఆగింది.

"గిది జర వినక్కా. 'వాహనం ఆపగానే సదరు మహిళ, మేము ఏమీ అడగక ముందే, తాగింది సార్, నాకు తెల్వలే, అని చెప్పినది.' గిట్ల అన్నవా నువ్వు?"

గీత చూపు మళ్లీ ఫోటో మీదికి పోయింది.

"నాకు సమజ్ కాక అడుగుతున్న. నీ గురించి నువ్వు చెప్పుకుంటే ఏమంటవు? తాగిన అంటవు. తాగింది సార్ అంటరా ఎవలన్న? ఎవలు తాగింది? బండి తాగిందా?" నస్రీన్ నవ్వింది. మంచి నవ్వే. దొరికిన దారాన్ని చూసి నవ్వే నవ్వు. "పోలీసులకు చెప్పింది ఎట్లాగు కోర్టుల నిలవది. గనీ గీ లైను మనకే పనికొస్తది. రాసిన మనిషి సరిగ్గ వినలే, సరిగ్గ రాయలే అని చూపెట్టచ్చు. చెప్పక్కా, అసలు నువ్వు ఏమన్నవ్?"

ఏమంది? గీతకు బాగా గుర్తుంది. రోడ్డు మీద లైటు కర్ర అడ్డం పెట్టి పోలీసు చెయ్యి ఎత్తినప్పుడు ఆమె అనుకున్నది ఒక్కటే. చూశారు. నా బండికి తగిలింది ఏదో వీళ్లు చూశారు, అందుకే ఆపారు. బండి ఆగకముందే, హెల్మెట్ తీయకముందే, నోటికి వచ్చింది చెప్పేసింది. తాకింది సార్, నాకు తెల్వలే. వాన రేకుల మీద పడ్డట్టు పడుతోంది. ఆయన తల మీద టోపీ, చెవుల దాకా రెయిన్‌కోటు. తాకింది అన్నది ఆయన చెవిలో తాగింది అయింది. "తాగినవని కనబడుతనే ఉన్నది, దిగు" అని, ఆమె లేదు సార్ అన్నా వినకుండా మిషను తెచ్చాడు. గీతకు ఆ నిమిషంలో ఎంత హాయి అనిపించిందంటే, ఆ హాయిని తలచుకుంటే ఇప్పుడు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేస్తోంది. క కాస్తా గ అయింది. ఆ గ చాటున నాలుగు రోజులుగా బతుకుతోంది.

"నా గురించే చెప్పింది బిడ్డా," అంది మొగిలవ్వ ఉన్నట్టుండి. "నేనే తాగిన. మా అత్త తాగింది సార్, నాకు తెల్వలే అని చెప్పింది. గంతే."

నస్రీన్ ముసలామె వైపు తిరిగింది. "ఎనుక కూసున్నోళ్లు తాగితే కేసు లేదవ్వా. గది పోలీసాయనకు చెప్పుడు ఎందుకు? గదీ అడగక ముందుగాల్నే?"

"మాకేం ఎరుక బిడ్డా. సదువు లేనోళ్లం. భయమైంది, చెప్పింది."

నస్రీన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పెన్ను మూత పెట్టింది. "నాతోని అబద్ధమాడితే నాకు పోయేది ఏం లేదవ్వా. రేపు ఎదుటి వకీలు గిదే మాట పట్టుకొని అడిగితే నేను నోరు తెరిచి చూడాలె. గా నష్టం మీ కోడలికే."

గీత అడగకూడదనుకుంటూనే అడిగింది. "మేడం, తాగి నడిపి... ఎవలకన్న తాకిస్తే ఏమైతది?"

మొగిలవ్వ చెయ్యి బల్ల కింద నుంచి వచ్చి గీత మోకాలిని పట్టుకుంది. వేళ్లు గుచ్చుకున్నాయి.

"గప్పుడు ఇది ఫైన్‌తోని పోయే కేసు గాదు. మనిషికి పెద్ద దెబ్బ తాకితే ఏండ్లల్ల ఉంటది శిక్ష. మనిషే పోతే పదేండ్ల దాక పోవచ్చు. ఆపకుంట పోయినందుకు ఇంకో కేసు." నస్రీన్ ఆగింది. "ఎందుకడుగుతున్నవక్కా?"

"ఊకెనే మేడం. ఆటో నడుపుత గదా. తెలుసుకుందామని."

నస్రీన్ వకాలతు కాగితం మీద సంతకం పెట్టించుకుని లేచింది. "నేను పోయి దాఖలు చేసి అస్త. మీ పేరు పిలిచేదాక వరండల కూసోండ్రి. ఎవలేమన్న అడిగితే, మా వకీలును అడగండ్రి అని చెప్పు. గంతకు మించి ఒక్క మాట వద్దు."

వరండా నిండా జనం. గురువారం చెకింగులో దొరికినవాళ్లు పదకొండు మంది. అందరికీ ఇవాళే. గీత తప్ప అందరూ మగవాళ్లే. కొందరు నవ్వుకుంటూ, మొన్న మిషనులో ఎవరికి ఎంత వచ్చిందో పరీక్ష మార్కుల లెక్కన చెప్పుకుంటున్నారు. గీత గోడవారకు, చివరి బెంచీ మీద కూర్చుంది. మొగిలవ్వ ఆమెకూ జనానికీ మధ్య కూర్చుంది.

"అత్తా," అంది గీత, ముందుకు చూస్తూనే. "నువ్వు ఎనుకకు తిరిగి చూసినవ్."

"ఏడ?"

"ఏడనో నీకెరుకే. అద్దంల నీ తల కనబడ్డది నాకు. అద్దం పలిగింది గని సగం మిగిలే ఉండె. నువ్వు తిరిగి చూసినవ్. చూసినంకనే కుక్క అన్నవ్."

మొగిలవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట ఏమీ లేదు. ఈ ముసలామెను మీరు మొదటి వారం నుంచీ చూస్తున్నారు. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది, కోడల్ని ఒక్క మాట పడనివ్వదు, తను మాత్రం రోజుకు పది అంటుంది. గీత పెళ్లై వచ్చిన పదహారేళ్లలో ఆమె మాట్లాడకుండా ఉన్న సందర్భం ఒక్కటీ లేదు. ఇప్పుడు నిమిషం సేపు ఊరకుంది. గీతకు జవాబు అక్కడే తెలిసిపోయింది. అయినా అడిగింది.

"కుక్కేనా అత్తా?"

"కుక్క గాదు."

"ఏం చూసినవ్?"

"నల్ల గొడుగు చూసిన. గాలికి రోడ్డు మీద దొర్లుతున్నది. దాని ఎనుక..." ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంది. "కాళ్లు చూసిన. చెప్పుల్లేవు. ఒక్క చెప్పు అంతదూరంల పడ్డది."

గీత రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుంది. నాలుగు రోజులు ఆమె తనకు తాను కుక్క, కుక్క అని చెప్పుకుంటూ వచ్చింది. పేపరు చూశాక కూడా, అన్నం ముందు కూర్చుని కూడా, ఆటోలో పిల్లలను ఎక్కించుకుంటూ కూడా. ఇప్పుడా కుక్క లేదు. కాళ్లు ఉన్నాయి.

"ఎందుకన్నవ్ గట్ల? నేను ఆపుతుంటిని గదా. ఆపుతుంటిని."

"ఆపితే ఏం చేస్తుంటివే? నీ నోట్లె కల్లు వాసన. ఇద్దరం ఆడోళ్లం. జనం పోగైతే కొడుతుండ్రి. నీ బిడ్డ బడికాంచి అచ్చి తలుపు కాడ నిలబడి ఉండె. నాకు గదే కండ్ల ముంగట కనబడ్డది, ఇంకోటి కనబడలే. పాపమంటవా, నాకే తగలని. నువ్వు నోరు మూసుకో. గా కాగితంల తాగింది అని ఉన్నది. తాగిందే ఉండని. భాగ్య మొఖం చూసి ఊకో."

భాగ్య గీత కూతురు. తొమ్మిదో తరగతి. పొద్దున జడ తనే వేసుకుని, "ఫైన్ కట్టి తొందరగా రా అమ్మా, మాపటికి నా నోట్సు తేవాలె" అని పంపింది. పదేళ్లంటే ఆ పిల్లకు ఇరవై నాలుగు. గీత లెక్క వేయకుండా ఉండలేకపోయింది. ఆమెకు జైలు ఎట్లా ఉంటుందో తెలియదు. తెలిసిందల్లా భాగ్య తొమ్మిదో తరగతి నుంచి ఇరవై నాలుగేళ్ల వరకు తను లేకుండా పెరగడం ఎట్లా ఉంటుందో. అది కళ్లకు కట్టినట్టు కనబడుతోంది.

"అక్కా, జర ఒక్క మాట."

తల ఎత్తింది. ముప్పై అయిదేళ్ల మనిషి. చొక్కా నలిగింది, గడ్డం పెరిగింది, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. కళ్లు నిద్ర లేక లోపలికి పోయాయి.

"మొన్న బేస్తారం చెకింగుల దొరికింది నువ్వేనా? ఏమనుకోకు. నా పేరు షాహిద్. మేడిపల్లిల ఫ్రిజ్జులు, కూలర్లు బాగు చేస్త. గా రోజు మా అమ్మకు బండి తాకింది."

గీతకు వరండా అంతా ఒక్కసారి దూరం జరిగినట్టనిపించింది. మొగిలవ్వ భుజం ఆమె భుజానికి గట్టిగా ఆనుకుంది.

"ఎవలు చేసిండ్రో తెల్వది. పోలీసులు చూస్తున్నరు. గనీ మూడున్నరకు మా అమ్మ పడ్డది, నాలుగింటికి ఈడ చెకింగు. గా దారిన జగిత్యాలకు అచ్చినోళ్లు ఎవలన్న ఏదన్న చూసి ఉంటరు గదా అని, కేసులైనోళ్లంత ఇయ్యాల అస్తరంటే నేను అచ్చిన. పొద్దటి సంది అడుగుతున్న. ఎవలు చూడలేదంటున్నరు." కాగితం విప్పాడు. పది పేర్ల పక్కన అడ్డగీట్లు కొట్టి ఉన్నాయి. ఒక్క పేరు మిగిలింది. "నువ్వు ఎటు దిక్కు నుంచి అచ్చినవక్కా?"

"కోరుట్ల కాంచి," అంది గీత. మాట ఎట్లా బయటికొచ్చిందో ఆమెకే తెలియదు.

"మేం ఏం చూడలే బిడ్డా," అంది మొగిలవ్వ వెంటనే. "వాన. కండ్లు తెరువరాలే. ఏం చూడలే."

"అవునవ్వా, వాన మస్తుండె గా రోజు." అతను కోప్పడలేదు, అనుమానపడలేదు. ఫోన్ తీసి చూపించాడు. తెల్లటి దిండు మీద కట్లు కట్టిన చిన్న మొహం. ముక్కుకు గొట్టం. బుగ్గ మీద ముక్కుపుడక పక్కన గీరుకుపోయిన మచ్చ. "మైమూనా బీ అంటరు. నాకోసం కూలరు మోటరు పట్టుకొని బస్టాపుకు అస్తుండె. నాలుగొద్దుల సంది కండ్లు తెరువలే. ఎవలో కొట్టి పోయిండ్రని గాదక్కా నా బాధ. పది నిమిషాల ముందుగాల దవఖానకు తెస్తే మంచిగుంటుండె అన్నడు డాక్టరు. అరగంట పడి ఉన్నదట వానల. గా బండాయన ఆగి ఒక్క ఫోను చేసి పోతే సరిపోతుండె."

గీత ఫోన్ వైపే చూస్తోంది. చేతులు వణకడం మొదలైంది. దాచుకుందామని కొంగులోకి లాక్కుంది. కొంగు కూడా వణికింది.

షాహిద్ అది చూశాడు. తప్పుగా అర్థం చేసుకున్నాడు, అదే ఆమెను చంపింది. "మొదటిసారి కోర్టుకు అచ్చినట్టున్నవు. భయపడకక్కా, ఏం కాదు. ఫైనేసి పంపుతరు." సంచిలోంచి నీళ్ల సీసా తీసి మూత విప్పి ఆమెకు ఇచ్చాడు. "తాగు. మొఖమంత తెల్లగయింది నీకు."

ఆమె సీసా తీసుకుంది. తాగలేకపోయింది. ఏడుపు రాలేదు, ఏడుపు వస్తే బాగుండేది. తల్లిని రోడ్డు మీద వదిలేసి వచ్చిన మనిషికి కొడుకు నీళ్లు ఇస్తున్నాడు, అది ఎవరికీ తెలియదు, తనకూ తన అత్తకూ తప్ప. భయంలో ఇన్ని రకాలుంటాయని ఆమె అంతవరకు ఎరగదు. జైలుకు భయపడింది, పేపరుకు భయపడింది, వకీలు వేలికి భయపడింది. ఇది వేరే. ఈ మనిషి ఇట్లాగే మంచిగా మాట్లాడి వెళ్లిపోతాడేమోనని భయం.

"గీత, భర్త మహేందర్," అని లోపలి నుంచి కేక వినబడింది.

మొగిలవ్వ లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏం మాట్లాడకు," అంది చెవిలో. "భాగ్య."

హాలు చిన్నది. పైన ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. గీత బోనులాంటి చెక్క కట్టడం దగ్గర నిలబడింది. నస్రీన్ ముందుకొచ్చి, ముద్దాయి తరఫున వకాలతు వేశాననీ, కాగితాలు చూసుకోవడానికి వాయిదా కావాలనీ చెప్పింది. మేజిస్ట్రేటు నడివయసు మనిషి, కళ్లజోడు ముక్కు మీదకు జారింది. కాగితాలు తిరగేశాడు. ఆయన కూడా అక్కడే ఆగాడు.

"ఇదేంటమ్మా? 'తాగింది సార్, నాకు తెల్వలే.' ఇది మీరన్న మాటేనా?"

"సార్, అది పోలీసుల ముందు చెప్పిందని రాసింది. నా క్లయింటు దానికి జవాబు చెప్పనక్కర్లేదు," అంది నస్రీన్.

"నిజమే. చెప్పనక్కర్లేదమ్మా. మీకు ఇష్టం లేకపోతే చెప్పకండి. వాయిదా ఇస్తాను." ఆయన పెన్ను అందుకున్నాడు.

ఎంత తేలిక అయిపోయింది చూడండి. చెప్పనక్కర్లేదని చట్టమే చెబుతోంది. ఆయన తేదీ రాస్తే చాలు, గీత సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది, నోట్సు కొంటుంది, రేపు ఆటో తీస్తుంది. గీత ఆ పెన్ను వైపు చూసింది. తర్వాత, చూడకూడదనుకుంటూనే, తలుపు వైపు చూసింది. షాహిద్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మిగిలిన ఈ ఒక్క పేరు పక్కన కూడా అడ్డగీటు కొట్టేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. ఇక అడగడానికి అతనికి మనుషులెవరూ మిగల్లేదు.

"సార్," అంది గీత.

"అక్కా," అంది నస్రీన్, గొంతు తగ్గించి. "వద్దు."

"తాగిన సార్. గది నిజమే. ఒప్పుకుంటున్న. గనీ నేను అన్నది గది గాదు. రాసినాయనది తప్పు లేదు, వానల గట్ల వినబడ్డది." ఆమె గొంతు తనది కాదన్నట్టు వస్తోంది. సన్నగా, కానీ ఆగకుండా. "తాకింది అన్న సార్ నేను. తాగింది గాదు. తాకింది."

మేజిస్ట్రేటు పెన్ను కింద పెట్టాడు. "ఎవరికి తాకింది?"

గీత చెయ్యెత్తి తలుపు వైపు చూపించింది. "గా అన్న తల్లికి."

నస్రీన్ కళ్లు మూసుకుంది. షాహిద్‌కు వెంటనే అర్థం కాలేదు. వెనక ఎవరున్నారా అని ఒకసారి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. అతను మళ్లీ ఇటు తిరిగినప్పుడు ఆ మొహంలో ఏముందో చూడడానికి గీతకు ధైర్యం చాలలేదు.

అప్పుడు జనంలోంచి మొగిలవ్వ లేచింది. తోసుకుంటూ ముందుకు వచ్చింది. కోర్టు బంట్రోతు అడ్డం వస్తే చేత్తో పక్కకు జరిపింది. కోడలి పక్కన నిలబడి, కొంగు భుజాల నిండా కప్పుకుని, రెండు చేతులు జోడించింది.

"పోరి భయానికి ఏమేమో చెప్తున్నది సారూ. గది నమ్మకుండ్రి. గా రోజు మేడిపల్లి కాడ బండి నడిపింది నేను. కోడలు ఎనుక కూసున్నది. చెకింగు కనబడ్డంక జాగ మార్చుకున్నం. నన్ను రాసుకోండ్రి."

మేజిస్ట్రేటు కళ్లజోడు తీసి ఆమెను తేరిపార చూశాడు. పక్కనున్న పోలీసాయన రాసుకోవడానికి కాగితం తీసుకున్నాడు. షాహిద్ గుమ్మం వదిలి మెల్లగా లోపలికి నడిచి వస్తున్నాడు. మొగిలవ్వకు కనీసం సైకిలు తొక్కడం కూడా రాదని ఆ హాలులో తెలిసింది గీత ఒక్కదానికే.